కాక్టసా, వేరే సక్యులెంటా: కొనే ముందు ముల్లు మొదట్లో ఒక్కసారి చూడండి

"నాకు కాక్టస్ వద్దండి, సక్యులెంట్ ఏదైనా మంచిది చెప్పండి" అని చాలామంది అడుగుతుంటారు. అడగడంలోనే ఒక చిన్న పొరపాటు ఉంది, దాన్ని ముందు సరిచేసుకుంటే ఎంచుకోవడం సగం తేలికైపోతుంది. కాక్టస్ కూడా సక్యులెంటే. సక్యులెంట్ అనేది ఏదో ఒక మొక్కల కుటుంబం పేరు కాదు, మొక్క బతికే తీరుకి పెట్టిన పేరు. తీగ అంటాం చూడండి, అలాగన్నమాట. మల్లె తీగే, కాకర తీగే, మనీప్లాంట్ కూడా తీగే, కానీ ఈ మూడిటికీ చుట్టరికం ఏమీ లేదు, పాకడం ఒక్కటే కామన్. అలాగే ఆకులోనో కాడలోనో వేరులోనో నీళ్ళు దాచుకుని, వానల్లేని నెలలన్నీ ఆ దాచుకున్న దాని మీదే గడిపేసే మొక్క ఏదైనా సక్యులెంటే. రసం అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి వచ్చింది ఆ పేరు. కాక్టస్ సంగతి అలా కాదు, అది ఒకటే కుటుంబం, కాక్టేసీ అంటారు, అందులో 1500కి పైగా జాతులున్నాయి, అన్నీ ఒకదానికొకటి రక్తసంబంధం ఉన్నవే.

ఈ తేడా తెలిసి ఏం చేసుకోవాలి, మొక్క అందంగా ఉంటే చాలు కదా అంటారేమో. నేనూ అలాగే అనుకునేదాన్ని. మూడు పలకలుగా నిటారుగా పెరిగే మొక్క ఒకటి తెచ్చుకున్నా, అంచుల వెంబడి పొట్టి ముళ్ళు, ముళ్ళ మధ్యలో చిన్న చిన్న ఆకులు, కుండీకి గుచ్చిన లేబుల్ మీద కాక్టస్ అని రాసుంది. రెండేళ్ళు బ్రహ్మాండంగా పెరిగింది. ఒక కొమ్మ కోసి ఇంకో కుండీలో పెడదామని కత్తి పెట్టగానే కోసిన చోట తెల్లటి పాలు బొటబొటా కారాయి. కాక్టస్ రసమేలే అనుకుని చేతులు పైపైన కడుక్కుని వేరే పనిలో పడ్డా, కాసేపటికి కన్ను దురదపెడితే ఆ చేత్తోనే నలిపేశా. ఆ రాత్రి కంట్లో కారం కొట్టినట్టు మంట, లైట్ వేస్తే కన్ను తెరవలేను, తెల్లారగానే కంటి డాక్టర్ దగ్గరికి పరుగు, పూర్తిగా తగ్గడానికి వారం పట్టింది. ఆ మొక్క కాక్టస్ కానే కాదు, యుఫోర్బియా ట్రైగోనా. లేబుల్ మీద సరైన పేరు ఉండుంటే నేను గ్లౌజులు వేసుకుని ఉండేదాన్ని.

అందుకే పేరు దగ్గర అంత పట్టుబడుతున్నా. పేరు తప్పైతే పెంచే పద్ధతి తప్పుతుంది, పద్ధతి తప్పితే మొక్కైనా పోతుంది, లేదా మనకే దెబ్బ తగులుతుంది.

తెలుగులో అయితే జెముడు అనే మాటే ఈ రెండిటినీ కలిపేసింది. నాగజెముడు అసలు సిసలు కాక్టస్, ఒపన్షియా అనే రకం. కాడజెముడు, ఆకుజెముడు మాత్రం యుఫోర్బియాలు, వాటికి కాక్టస్‌తో ఏ సంబంధమూ లేదు. వినడానికి అన్నదమ్ముల పేర్లలా ఉంటాయి గానీ ఒకటి పుట్టింది అమెరికా ఖండాల్లో, మిగతావి పాత ప్రపంచంలో, అంటే ఆఫ్రికా, ఆసియా వైపు.

ఎలా గుర్తుపట్టాలి

మొక్కని వెలుతురులోకి తిప్పి ఒక ముల్లు మొదలు దగ్గర కన్ను పెట్టి చూడండి. కాక్టస్ అయితే ముళ్ళ గుత్తి కింద దూదిని చిటికెడు తీసి ఉండ చుట్టి అతికించినట్టు ఒక మెత్తటి మచ్చ కనిపిస్తుంది, తెల్లగానో గోధుమరంగులోనో, కొన్నిట్లో పసుపుగా. దాన్నే ఏరియోల్ అంటారు. కాక్టస్‌కి ముల్లు వచ్చినా, పువ్వు వచ్చినా, కొత్త పిలక వచ్చినా ఆ మచ్చలోంచే వస్తుంది. నిజానికి అది కుదించుకుపోయిన ఒక బుల్లి కొమ్మ, ముళ్ళు ఆ కొమ్మకి రావాల్సిన ఆకులు. కాక్టస్ కుటుంబం మొత్తానికీ ఇదే ముద్ర, ఇది లేకపోతే కాక్టస్ కాదు, అంతే.

యుఫోర్బియాలో ఆ దూది ఉండదు. ముళ్ళు చాలావాటికి జంటలు జంటలుగా, ఆవు కొమ్ముల్లా అటొకటి ఇటొకటి, చర్మంలోంచే పొడుచుకొచ్చినట్టు ఉంటాయి. కలబందకి ఉండేవి ఆకు అంచు మీద రంపపు పళ్ళు, వాటిని ముళ్ళు అనడమే తప్పు. ఇంకో టెస్ట్ ఉంది, గుండుసూదితో కొద్దిగా గుచ్చితే పాలు వస్తే యుఫోర్బియా అని, కానీ ఈ పని షాపులో చెయ్యొద్దు, ఇంట్లో చేసినా గ్లౌజులు వేసుకునే చెయ్యండి. పైగా మామిల్లేరియా అనే కాక్టస్ రకాల్లో కొన్నిటికి కూడా పాలు వస్తాయి, కాబట్టి ఒక్క పాలని బట్టే తీర్పు చెప్పేయకూడదు, దూది మచ్చే నమ్మకమైన గుర్తు.

పువ్వు పూసి ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. కాక్టస్ పువ్వు చాలా రకాల్లో పెద్దగా, పట్టులాంటి రేకలు బోలెడు, మధ్యలో కేసరాలు కుప్పగా ఉంటుంది. యుఫోర్బియా పువ్వులు బఠాణీ గింజ కంటే చిన్నవి, మనం పువ్వు అనుకునే ఎరుపూ గులాబీ రంగు రేకలు అసలు రేకలే కావు, పువ్వు చుట్టూ ఉన్న రంగు ఆకులు. యుఫోర్బియా మిలీ అని ముళ్ళ కాడల మీద ఎర్రగా గుత్తులు పూస్తుంది చూడండి, దాన్ని దగ్గరగా చూస్తే ఈ సంగతి అర్థమైపోతుంది.

ఈ పోలిక ఎంతదాకా వెళ్తుందంటే, ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియాస్ అనే ముల్లు లేని గుండ్రటి కాక్టస్, యుఫోర్బియా ఒబేసా అనే ఇంకో గుండ్రటి మొక్క పక్కపక్కన పెడితే కుట్లు వేసిన రెండు బంతుల్లా ఉంటాయి, ఏళ్ళ తరబడి పెంచుతున్నవాళ్ళు కూడా ఒక క్షణం ఆగి చూస్తారు. ఒకటి మెక్సికో, టెక్సస్ వైపుది, రెండోది దక్షిణాఫ్రికాది. మధ్యలో మహాసముద్రం ఉంది, చుట్టరికం లేదు. ఎండ, కరువు రెండు చోట్లా ఒకే రకం కష్టం పెట్టాయి, రెండు మొక్కలూ ఒకే రకం ఒళ్ళు తయారుచేసుకున్నాయి. నాకైతే మొక్కల ప్రపంచంలో ఇంతకంటే ఆశ్చర్యం కలిగించేది ఇంకోటి లేదు.

పుట్టిల్లు కూడా మంచి ఆధారమే. కాక్టస్‌లన్నీ అమెరికా ఖండాల సొత్తు, పైన కెనడా నుంచి కింద పటగోనియా దాకా. ఒక్క రిప్సాలిస్ బాక్సిఫెరా మాత్రం ఆఫ్రికాలో, మడగాస్కర్‌లో, శ్రీలంకలో కూడా అడవుల్లో సహజంగా పెరుగుతుంది. కాబట్టి ఎవరైనా ఇది ఆఫ్రికా ఎడారి కాక్టస్ అంటే అది దాదాపు ఖాయంగా యుఫోర్బియా అనుకోవచ్చు.

ముల్లు లేని కాక్టస్‌లు, ఎడారి చూడని కాక్టస్‌లు

అందరూ ఎక్కువగా పొరపడేది ఇక్కడే. కాక్టస్ అనగానే ఎడారి, ఇసుక, మండే ఎండ గుర్తొస్తాయి, కానీ ఈ కుటుంబంలో చెట్ల కొమ్మల మీద, తేమగా ఉండే అడవుల్లో, నీడలో పెరిగే రకాలు చాలా ఉన్నాయి. క్రిస్మస్ కాక్టస్ అనే ష్లంబర్గెరా బ్రెజిల్ కొండ అడవులది. మనం బ్రహ్మకమలం అని పిలుచుకునే, రాత్రిపూట పెద్ద తెల్ల పువ్వు విచ్చే ఆ మొక్క ఉంది కదా, అది కూడా కాక్టసే, ఎపిఫిల్లమ్ ఆక్సీపెటాలమ్. హిమాలయాల్లో ఉండే అసలు బ్రహ్మకమలం పూర్తిగా వేరే మొక్క. మనం దీనికి ఆకు అనుకునేది ఆకు కాదు, బల్లపరుపుగా మారిన కాడ, దాని అంచు మీద అక్కడక్కడా గంట్లు ఉంటాయి చూడండి, ఆ గంటు లోపలే ఏరియోల్ దాక్కుని ఉంటుంది, మొగ్గ అక్కడి నుంచే వస్తుంది. డ్రాగన్ ఫ్రూట్ కాసే మొక్క కూడా ఈ అడవి కాక్టస్‌ల గుంపుదే, అది పాకుతుంది.

వీటిని ఎడారి కాక్టస్‌లాగా మండుటెండలో పెట్టి నెలకోసారి నీళ్ళు పోస్తే కాడలు ముందు ఎర్రబడతాయి, తర్వాత వాడిపోయి తోలులా వేలాడతాయి. నా మొదటి క్రిస్మస్ కాక్టస్‌ని నేను అలాగే పోగొట్టుకున్నా, కాక్టస్ కదా నీళ్ళు వద్దులే అని. వీటికి పొద్దుటి లేత ఎండ లేదా నీడ వెలుతురు, కాస్త ఆకు ఎరువు, కొబ్బరి పీచు కలిసిన వదులు మట్టి, పైన ఒక అంగుళం ఆరగానే నీళ్ళు కావాలి. క్రిస్మస్ కాక్టస్ పూయాలంటే ఇంకోటి కూడా కావాలి, పొడవాటి రాత్రులు. రోజుకి 12 నుంచి 14 గంటలు చీకటి, అలా కొన్ని వారాల పాటు పడితేనే మొగ్గ తొడుగుతుంది. హాల్లో లైట్ కింద పెట్టి ఎందుకు పూయట్లేదు అని బాధపడేవాళ్ళు దాన్ని రాత్రిళ్ళు లైట్ పడని గదిలోకి మారిస్తే చాలు.

నీళ్ళు ఎక్కడ దాస్తుందో చూడండి

కాక్టస్, యుఫోర్బియా ఎక్కువగా కాడలో దాస్తాయి. కలబంద, ఆకులు గులాబీ పువ్వులా పేర్చినట్టుండే ఎచెవేరియా, చిన్న కలబందలాంటి హవర్తియా, జేడ్ ఆకులో దాస్తాయి. అడేనియం కింద లావుగా ఉబ్బిన మొదల్లో దాస్తుంది. ఇది తెలిస్తే నీళ్ళ లెక్క దానంతట అదే తెలుస్తుంది, ఎందుకంటే ఏ భాగం గోదామో ఆ భాగాన్నే చూసుకోవాలి. ఎచెవేరియాకి దాహం వేస్తే కింది ఆకులు మెత్తబడి ముడతలు పడతాయి, నీళ్ళు ఎక్కువైతే అవే ఆకులు గాజులా పారదర్శకంగా, పసుపు తిరిగి, చెయ్యి తగిలితే ఊడిపోతాయి. రెండిట్లోనూ ఆకు మెత్తబడుతుంది కాబట్టి చాలామంది కన్ఫ్యూజ్ అయి, కుళ్ళుతున్న మొక్కకి దాహమనుకుని ఇంకో చెంబు పోసేస్తారు. ముడత పడితే దాహం, గాజులా అయితే కుళ్ళు, ఇది గుర్తుపెట్టుకోండి. కాక్టస్ ఒంటి మీద ఉండే నిలువు మడతలు హార్మోనియం తిత్తిలాంటివి, నీళ్ళు తాగితే విచ్చుకుంటాయి, ఎండితే దగ్గరికి ముడుచుకుంటాయి, చర్మం పగలకుండా. మడతలు బాగా లోతుగా కనిపిస్తే అప్పుడు పోయండి. అడేనియం అయితే మొదలు నొక్కి చూడండి, గట్టిగా ఉంటే ఇంకా ఆగొచ్చు.

ఈ మొక్కల్లో చాలావరకు రాత్రిపూట ఊపిరి పీలుస్తాయి. మామూలు మొక్క పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి తీసుకుంటుంది, అప్పుడు లోపలి నీళ్ళు కూడా ఆవిరైపోతాయి. ఇవి పగలంతా మూసుకుని, చల్లబడ్డాక తెరిచి, తీసుకున్న కార్బన్ డయాక్సైడ్‌ని మాలిక్ యాసిడ్‌గా మార్చి దాచుకుంటాయి, పొద్దున వెలుతురు రాగానే దాన్ని వాడుకుంటాయి. ఈ పద్ధతికి పేరు కూడా జేడ్, రణపాల ఉండే క్రాసులేసీ కుటుంబం మీదే పెట్టారు. రణపాల ఆకు పొద్దున పుల్లగా ఉండి సాయంత్రానికి ఆ పులుపు పోతుందని బెంజమిన్ హేన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు నమిలి చూసి రాశాడు, అది 1815లో అచ్చయింది, అదే ఈ యాసిడ్ సంగతి. మనకి పనికొచ్చే విషయం ఏంటంటే, ఇలా పొదుపుగా బతికే మొక్క నిదానంగా పెరుగుతుంది, కాబట్టి నెలలో పెరగలేదని ఎరువు మీద ఎరువు వెయ్యకండి.

ఇక ఎంచుకోవడం

నన్నడిగితే ముందు మొక్కని కాదు, కిటికీని చూడండి. మీకు రోజుకి 5, 6 గంటలు నేరుగా ఎండ పడే చోటు ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. ఉంటే గుండ్రటి, స్తంభం లాంటి ఎడారి కాక్టస్‌లు, ఎచెవేరియా, అడేనియం, యుఫోర్బియా, కిత్తనార ఏదైనా పెట్టుకోవచ్చు. లేకపోతే వీటి జోలికి పోవద్దు, ఎంత ఇష్టమైనా సరే. వెలుతురు చాలని ఎచెవేరియా గులాబీ పువ్వులా దగ్గరగా ఉండాల్సింది మెడ సాచి పొడుగ్గా సాగిపోతుంది, కాక్టస్ కొస సన్నబడి కొవ్వొత్తిలా తయారవుతుంది, అలా సాగిన భాగం తర్వాత ఎండలో పెట్టినా మళ్ళీ లావు కాదు. వెలుతురు తక్కువ ఉన్నవాళ్ళకి హవర్తియా, గాస్టేరియా, స్నేక్ ప్లాంట్ ఉన్నాయి. హవర్తియా అడవిలోనే పొదల నీడలో పెరిగే మొక్క, దానికి నేరుగా ఎండ పడితే ఆకులు ఇటుక రంగులోకి మారతాయి. చారల చారల హవర్తియా చూస్తే చిన్న కలబందలా ముద్దుగా ఉంటుంది, అరచెయ్యి కంటే పెద్దదవ్వదు, టేబుల్ మీద పెట్టుకోవడానికి నేను మొదట చెప్పేది అదే.

రెండో ప్రశ్న మీ చెయ్యి ఎలాంటిది అని. ఊళ్ళు తిరిగేవాళ్ళు, మొక్కల్ని మర్చిపోయేవాళ్ళు నిశ్చింతగా ఎడారి కాక్టస్ తీసుకోండి, మూడు వారాలు పట్టించుకోకపోయినా దానికేం కాదు. రోజూ మొక్క దగ్గరికెళ్ళి ఏదో ఒకటి చెయ్యకపోతే తోచని మనుషులుంటారు, నీళ్ళ చెంబు చేతిలోనే ఉంటుంది, వాళ్ళకి కాక్టస్ కంటే క్రిస్మస్ కాక్టసో, ఎర్రగా గుత్తులు పూసే కలాంచోయో నయం, ఇవి కాస్త ఎక్కువ నీళ్ళని తట్టుకుంటాయి. ప్రేమ ఎక్కువై పోయే సక్యులెంట్లే, నిర్లక్ష్యం వల్ల పోయేవాటికంటే ఎక్కువ.

మూడోది, ఇంట్లో చిన్నపిల్లలు, పిల్లి, కుక్క ఉన్నారా? ఇది చాలా సీరియస్‌గా తీసుకోండి. ముల్లు భయపెడుతుంది కాబట్టి అందరూ కాక్టస్‌ని దూరం పెట్టి ముల్లు లేని మొక్క తెచ్చుకుంటారు, కానీ ముల్లు గుచ్చుకుంటే నొప్పితో పోతుంది, విషం అలా కాదు. యుఫోర్బియా పాలు చర్మానికి, కంటికి ప్రమాదం. అడేనియం రసం కూడా విషమే. కలాంచోలో గుండె మీద పనిచేసే విషపదార్థాలు ఉంటాయి. కలబంద, జేడ్, స్నేక్ ప్లాంట్ పిల్లులు, కుక్కలు నమిలితే వాంతులు పెడతాయి. హవర్తియా, ఎచెవేరియా, క్రిస్మస్ కాక్టస్ వీటికి హాని చెయ్యనివిగా పేరున్నవి, కాబట్టి పెంపుడు జంతువులుంటే నా ఓటు ఈ మూడిటికే. పసిపిల్లలు పాకే ఇంట్లో నాగజెముడు రకాలు కూడా వద్దు, పెద్ద ముళ్ళ వల్ల కాదు, ఏరియోల్‌లో కుచ్చులా ఉండే నూగు ముళ్ళ వల్ల. గ్లోకిడ్ అంటారు, వెంట్రుక కంటే సన్నం, ఒక్కోదానికి వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి, కుందేలు చెవుల కాక్టస్ అని ముద్దుగా చుక్కలు చుక్కలుగా కనిపించే దాన్ని చెయ్యి తాకిస్తే వందల కొద్దీ దిగిపోతాయి. దిగితే నోటితో పీకొద్దు, రుద్దొద్దు, ముందు పట్టకారుతో పెద్దవి తీసి తర్వాత టేప్ అతికించి లాగండి.

యుఫోర్బియా పాలు చర్మం మీద పడితే సబ్బుతో బాగా కడగాలి. కంట్లో పడితే ఆలోచించకుండా ధారగా నీళ్ళు పోస్తూ కనీసం పావుగంట కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, తెల్లారేదాకా ఆగొద్దు. ఇంత చెప్పినా నేను యుఫోర్బియా వద్దు అనను. నిటారుగా, వేగంగా, మనిషి ఎత్తు పెరిగే మొక్క కావాలంటే చాలా రకాల స్తంభం కాక్టస్‌ల కంటే యుఫోర్బియా తొందరగా ఆ ఎత్తుకొస్తుంది. అదేంటో తెలిసి పెట్టుకోండి, అంతే.

పువ్వుల కోసమే కాక్టస్ కావాలనుకునేవాళ్ళకి ఒక మాట. బంగారు ముళ్ళతో బంతిలా ఉండే గోల్డెన్ బ్యారెల్ చూడ్డానికి రాజులా ఉంటుంది గానీ బాగా పెద్దదయ్యేదాకా పూయదు, దానికి ఏళ్ళు పడుతుంది. చిన్న కుండీలోనే పూసేవి కావాలంటే మామిల్లేరియా, రెబూషియా తీసుకోండి. మామిల్లేరియా నెత్తి చుట్టూ గులాబీ రంగు బుల్లి పువ్వులు కిరీటంలా ఒకేసారి విచ్చుకుంటాయి, ఆ వారం రోజులూ పొద్దున లేవగానే దాని దగ్గరికే కాళ్ళు వెళ్తాయి. అయితే చలికాలంలో చల్లగా, పొడిగా రెస్ట్ ఇవ్వాలి, నీళ్ళు దాదాపు ఆపేయాలి, ఆ విశ్రాంతి లేని కాక్టస్ బాగానే బతుకుతుంది కానీ సరిగ్గా పూయదు.

చూడ్డానికి ఒకటే అనిపించి మోసపోయే జంటలు ఇంకొన్ని. కలబంద, కిత్తనార రెండూ కత్తుల్లాంటి ఆకులతో గుండ్రంగా పేర్చినట్టు ఉంటాయి, కానీ కలబంద ఆకు విరిస్తే జెల్, కిత్తనార ఆకు విరిస్తే నార, చివర సూదిలాంటి ముల్లు. కలబంద ఏటా పూస్తుంది. కిత్తనారల్లో ఎక్కువ రకాలు జీవితంలో ఒక్కసారే పూస్తాయి, సెంచరీ ప్లాంట్ అనే అమెరికా కిత్తనార సాధారణంగా 10 నుంచి 30 ఏళ్ళకి చెట్టంత కాడ వేసి పూసి, చచ్చిపోతుంది, చుట్టూ పిలకలు మిగులుతాయి. పైగా అది పెద్ద మొక్క, బాల్కనీలో దారికి అడ్డంగా పెడితే ఆ సూది మోకాలి ఎత్తులోనో పిల్లల కంటి ఎత్తులోనో ఉంటుంది, కాబట్టి ఖాళీ నేల ఉన్నవాళ్ళకే. జేడ్ అని చెప్పి ఎలిఫెంట్ బుష్ అమ్మడం కూడా మామూలే. జేడ్ ఆకు పెద్దది, మందం, కాడ బూడిద పచ్చ. ఎలిఫెంట్ బుష్ ఆకు గోరంత, కాడ ఎర్ర గోధుమ రంగు. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం, తొందరగా పెరుగుతుంది, కత్తిరించి చిన్న చెట్టులా తీర్చుకోవచ్చు, జేడ్‌లాగా పిల్లులకి కుక్కలకి చెడు చెయ్యదు. ఎచెవేరియా, సెంపర్వైవమ్ కూడా అంతే, రెండూ ఆకులతో కట్టిన గులాబీల్లా ఉంటాయి, కానీ సెంపర్వైవమ్ యూరప్ కొండలది, మంచు తట్టుకుంటుంది, వేడి తట్టుకోదు. మంచు పడే చోట బయట పెట్టడానికి అదే, వేడి ప్రదేశాల్లో దాని మీద డబ్బు పెట్టొద్దు. ఎచెవేరియా మెక్సికో కొండల మొక్క, ఎండ కావాలి కానీ రాత్రుళ్ళు చల్లబడాలి, వేడీ ఉక్కా కలిసిన వాతావరణంలో అది కాస్త కష్టపెడుతుంది, అక్కడ కాక్టస్, కలబంద, అడేనియం మొండిగా బతుకుతాయి.

కొత్తవాళ్ళు వద్దనుకోవాల్సినవి నా దృష్టిలో రెండు. ఒకటి లిథోప్స్, గులకరాళ్ళలా ఉంటాయి. కొత్త ఆకుల జంట పాత ఆకుల్లోని నీళ్ళు పీల్చుకుంటూ పైకొచ్చే టైమ్‌లో మనం నీళ్ళు పోస్తే పాతవి ఎండవు, మొక్క పాడవుతుంది, ఆ లెక్క చెయ్యి తిరిగితే గానీ రాదు. రెండోది మూన్ కాక్టస్, ఆకుపచ్చ కాడ మీద ఎర్రగానో పసుపుగానో బంతి కూర్చోబెట్టినట్టు ఉంటుంది. అది రెండు కాక్టస్‌ల అంటు. పైన ఉన్నదాంట్లో పత్రహరితం లేదు, సొంతంగా వండుకు తినలేదు, కింద కాడ పెడితే తింటుంది, రెండిటి పెరుగుదల వేగం కుదరక చాలావరకు కొన్నేళ్ళలోనే పోతుంది. మీరేదో తప్పు చేశారని బాధపడకూడదని ముందే చెప్తున్నా.

మొక్కని పెంచి పంచడం ఇష్టమైతే ఆకు సక్యులెంట్లే మేలు. ఎచెవేరియా, సీడమ్ ఆకుని మొదలంటా ఊడబెరికి మట్టి మీద పడుకోబెడితే కొన్ని వారాల్లో గులాబీ రంగు వేళ్ళు, పక్కనే ఆవగింజంత బుల్లి మొక్క. రణపాల ఇంకా దాటిపోయింది, ఆకు అంచు గంట్లలోనే పిల్లలు పెడుతుంది. కాక్టస్‌కి ఈ దారి లేదు, పిలక తియ్యాలి లేదా ముక్క కోసి, కోసిన చోట పొర కట్టేదాకా నీడలో వారం పైన ఆరబెట్టి అప్పుడు నాటాలి.

మట్టి విషయం తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే అడవి కాక్టస్‌లు తప్ప మిగతా అన్నిటికీ ఒకటే. సగం మామూలు పాటింగ్ మిక్స్, సగం గరుకు ఇసుక లేదా పెర్లైట్ లేదా చిన్న రాళ్ళు, మెత్తటి ఇసుక వద్దు, అది సిమెంట్‌లా బిగిసిపోతుంది. కుండీకి కన్నం ఉండి తీరాలి. మట్టి కుండీ తొందరగా ఆరుతుంది, కాబట్టి చెయ్యి నీళ్ళకి జారేవాళ్ళు అదే వాడండి. పోసినప్పుడు కన్నంలోంచి బయటికొచ్చేలా పోసి, పూర్తిగా ఆరేదాకా మళ్ళీ ముట్టుకోవద్దు. ఆరిందో లేదో తెలియకపోతే కుండీ ఎత్తి చూడండి, రెండుమూడు సార్లకి బరువు చేతికి తెలిసిపోతుంది.

కొనేటప్పుడు పైన పువ్వు చూసి పడిపోకండి. కాక్టస్‌కి ఎండు పువ్వులు జిగురుతో అతికించి అమ్ముతారు, నెలలైనా వాడకపోతే, దూది మచ్చలోంచి కాకుండా ముళ్ళ మీద కూర్చుని ఉంటే అది అతికించిందే. నీలం, వెండి రంగు కొట్టిన సక్యులెంట్లు కొనొద్దు, ఆకు మీద రంగు పూస్తే వెలుతురు లోపలికి వెళ్ళదు. పైన రాళ్ళు జిగురుతో అట్టకట్టించి ఉంటే ఇంటికి తెచ్చాక పగలగొట్టి తీసేయండి. ఆకు సందుల్లో, ముళ్ళ మొదట్లో తెల్లటి పిండిలాంటిది ఉంటే ఏరియోలా, మొక్క రసం పీల్చే పిండినల్లి పురుగా అని పరీక్షగా చూడండి, ఏరియోల్ వరసలో ఒకే దూరంలో ఉంటుంది, పిండినల్లి ఎక్కడపడితే అక్కడ గుంపుగా ఉంటుంది, స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్ల తాకిస్తే కరుగుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, అడవిలోంచి తవ్వి తెచ్చిన కాక్టస్ ఎంత అపురూపమైనదైనా కొనకండి. 2015లో వచ్చిన ఒక అంచనాలో కాక్టస్ జాతుల్లో 31 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయని తేలింది, దొంగచాటుగా తవ్వి అమ్మడం అందులో పెద్ద కారణం. కుండీల్లో లక్షల కొద్దీ కనిపించే గోల్డెన్ బ్యారెల్ కూడా దాని సొంత గడ్డ మెక్సికోలో ప్రమాదంలో ఉన్న జాతే. గింజ నుంచి నర్సరీలో పెంచిందేనా అని అడిగి తీసుకోండి, మచ్చలూ గీతలూ లేకుండా ఒకే సైజులో ఉన్న మొక్కలు సాధారణంగా అలా పెంచినవే.

ఇంటికి తెచ్చిన మొదటి రోజే మార్చేసి, నీళ్ళు పోసి, ఎండలో పెట్టేయాలనిపిస్తుంది. ఆగండి. నీడ షెడ్డులో పెరిగిన మొక్కని ఒక్కసారిగా ఎండలోకి నెడితే ఒళ్ళు కాలి తెల్లటి మచ్చలు పడతాయి, ఆ మచ్చలు మళ్ళీ పోవు. మొదటి మూడు రోజులు నీడ వెలుతురులో ఉంచి, తర్వాత పొద్దుటి ఎండ గంట, రెండు గంటలు, అలా రెండు వారాల్లో దాని చోటికి చేర్చండి. కుండీ మార్చితే వారం దాకా నీళ్ళు వద్దు, తెగిన వేళ్ళు ఆరాలి. ఆ వారంలో చెయ్యాల్సిన పని ఒకటే, లేబుల్ పక్కన పెట్టి ముల్లు మొదట్లో దూది ఉందో లేదో చూసి, అది కాక్టసో కాదో మీ చేత్తో మీరే కొత్త లేబుల్ రాసి గుచ్చండి.